బతికున్న పొట్టేలు మాంసాన్ని చదవడం

నెల్లూరు వైపు నుంచి వచ్చి కోల్‌కతా బెల్గాచియాలో స్థిరపడిన పశువైద్యుణ్ణి. 1893లో బెంగాల్ వెటర్నరీ కాలేజీ పెట్టిన పేట ఇది. గొర్రెల మందలు బాగుచేద్దామని బయల్దేరే పిల్లలకు నాకు తెలిసిన నాలుగైదు మాటలు.

1. మంచి పొట్టేలును పండక్కి అమ్ముకోవద్దు. బక్రీదు దగ్గరపడితే బాగా ఎదిగినదానికే బేరం తగులుతుంది. అది వెళ్లిపోతుంది. ఎవరూ అడగని బక్కది మిగిలి, వచ్చే ఈతలన్నిటికీ తండ్రవుతుంది. ఏటా ఇలాగే జరిగితే ఎంత మేపినా మంద నడుములకు కండ పట్టదు. ఈ తప్పు మా నాన్న చేశాడు, చదువుకుని కూడా నేనూ చేశాను. అందుకే బేరగాళ్లు రాకముందే నడుము కండను అల్ట్రాసౌండ్‌తో స్కాన్ చేసి, విత్తనానికి ఉంచేవాటికి గుర్తు పెట్టండి. ఎంత ధర పలికినా ఆ గుర్తున్నదాన్ని విప్పకండి.

2. ముందు చెయ్యి, తర్వాత యంత్రం. మన గొల్లలు నడుము పట్టి చూసి కండ చెబుతారు. ఆ చేతిమీద నాకు గౌరవం ఉంది. కాని రెండు పొట్టేళ్ల మధ్య రెండు మిల్లీమీటర్ల తేడా దానికి అందదు, అల్ట్రాసౌండ్‌కు అందుతుంది. 12, 13 పక్కటెముకల మధ్య వెంట్రుకలు కత్తిరించి, జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తే వెన్ను పక్కనున్న కండ లోతు, దాని మీది కొవ్వు పొర తెరమీద కనబడతాయి. గట్టిగా నొక్కారంటే కొవ్వు అణిగి తక్కువ చూపిస్తుంది. బరువైనదానికి కండ ఎలాగూ ఎక్కువే కాబట్టి ఒకే ఈత పిల్లల్ని, బరువు తేడా సరిచేసుకుని పోల్చాలి. కండ లోతులో కనిపించే తేడాల్లో సుమారు పావు నుంచి మూడో వంతు జన్యువులది. మిగతాది తల్లి పాలు, మేత.

3. తెరమీద పెద్దగా కనబడిందల్లా రుచిగా ఉండదు. 1983లో అమెరికాలోని ఓక్లహోమాలో పుట్టిన ఒక పొట్టేలుకు వెనక కండలు విపరీతంగా పెరిగాయి. ఆ లక్షణానికి కాలిపైజ్ అని పేరు పెట్టారు. కొవ్వు తక్కువ, మాంసం ఎక్కువ; నడుము ముక్క మాత్రం నమలలేనంత గట్టి. రుచినిచ్చేది కండలో కలిసిపోయిన కొవ్వు; దాన్ని అంచనా వెయ్యడానికి సీటీ స్కాన్ మేలు. బ్రిటన్‌లో ముందు అల్ట్రాసౌండ్‌తో వడగట్టి, మేలైనవాటినే సీటీకి పంపుతారు. మన ఖర్చులకూ అదే దారి.

4. సుందర్బన్ గారోల్ గొర్రెను ఈ కొలతతో తూచకండి. పది, పదిహేను కిలోలే ఉంటుంది. మోకాలి లోతు నీళ్లలో మేస్తుంది, కవలలను ఈనుతుంది. 1790లలో కలకత్తా నుంచి ఓడెక్కిన ఈ జాతి బెంగాల్ గొర్రెల వల్లే ఆస్ట్రేలియా బూరూలా మెరినో గొర్రెలకు ఎక్కువ పిల్లల్ని ఈనే జన్యువు వచ్చిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. కండ కోసం దాన్ని పెద్ద జాతులతో కలిపేసి పోగొట్టుకుంటే మళ్లీ ఎక్కడ తెస్తాం?

5. కోతకు వెళ్లే గొర్రెల్ని ముందురోజు స్కాన్ చెయ్యండి. మర్నాడు తెల్లవారుజామునే మాంసం కొట్టుకు వెళ్లి, అవే పక్కటెముకల మధ్య స్కేలు పెట్టి కొలవండి. తేడా ఎంతొచ్చిందో పుస్తకంలో రాసుకోండి. నా మొదటి ముప్ఫై గొర్రెల్లో సగానికి పైగా కొలతలు తప్పాయి.