పొడగరికి తగిన కారు సీటు



ఆరడుగులు మించిన పొడగరి చిన్న కారు నడుపుచుండగా మీరు చూచియుందురు. అతని మోకాళ్ళు స్టీరింగు చక్రమును తాకుచుండును. తల పైకప్పునకు ఆనుచుండును. గంటల తరబడి అట్లు నడిపినచో నడుము, మోకాళ్ళు నొచ్చుటయే గాక, పాదము వేగముగా బ్రేకు మీదికి మారజాలదు. కావున ఇది సుఖమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. ప్రాణమునకు కూడ సంబంధించినది. సీటును మార్చి చోటు సంపాదించు మార్గమేమి? దానికి హద్దేది? మనము తరగతిలో నేర్చిన గణిత భౌతిక శాస్త్రముల సాయముతో విచారింతము.

పెడలు వద్ద మడమ ఆను చోటు, నడుపువాని తుంటి కీలు, ఆ కీలుకు సరిగా క్రింద నేలపైనున్న బిందువు, ఈ మూటిని కలిపినచో లంబకోణ త్రిభుజ మేర్పడును. కాలికి దొరకు చోటు దాని కర్ణము. అడ్డముగా 80 సెం.మీ., నిలువుగా 30 సెం.మీ. ఉన్నవనుకొందము. పైథాగరసు సిద్ధాంతము ప్రకారము కర్ణము సుమారు 85.4 సెం.మీ. సీటును 5 సెం.మీ. వెనుకకు జరిపిన అది 90.1 అగును; లాభము 4.7 సెం.మీ. వెనుకకు జరుపక 5 సెం.మీ. ఎత్తు పెంచిన 87.3 మాత్రమే. ఎత్తును 5 సెం.మీ. తగ్గించితిమా, 83.8కి పడిపోవును. అనగా సీటును దించుట తలకు చోటిచ్చును గాని, కాలికున్న చోటును కొంత హరించును. వెనుకకు జరుపుటయే కాలికి మేలు.

జపాను దేశపు మాజ్దా వారి ఎమ్మెక్స్-5 అను రెండు సీట్ల కారు 1989లో చికాగో ప్రదర్శనలో వెలువడినది. అందు సీట్ల వెనుకనే రేకు గోడ కలదు గాన, కొంతమేర మించి వెనుకకు జరుపుటకు వీలులేదు. అందుచే పొడగరులైన యజమానులు పలువురు సీటు తొడుగు విప్పి, లోపలి స్పాంజిని కోసి పలుచన చేసికొనుచుందురు. వీపు వైపు కోసిన దేహము వెనుకకు జరుగును. కూర్చొను వైపు కోసిన తల దిగును. అయితే తొడల క్రింది ముందు భాగమును మిక్కిలి కోయరాదు. ఆ ఎత్తు లేనిచో, ప్రమాదమున దేహము బెల్టు క్రిందుగా జారిపోవచ్చును.

వెనుక సీట్లు గల కార్లలో, పట్టాల క్రింద ఉక్కు పట్టీలు వేసి ముందు సీటును వెనుకకు బిగించుట మరొక పద్ధతి. దీని బలమును లెక్కింతము. గంటకు 54 కి.మీ. అనగా సెకనుకు 15 మీటర్లు. ఆ వేగముతో పోవు కారు దేనినైన ఢీకొని 0.1 సెకనులో ఆగినచో, 20 కిలోల సీటును నిలువరించుటకు 3,000 న్యూటన్ల బలము కావలెను. అది రమారమి 300 కిలోల బరువునకు సమానము. పెక్కు కార్లలో బెల్టు కొక్కెము కూడ సీటుకే ఉండును గాన, మనిషి భారములో కొంత ఆ బోల్టుల మీదనే పడును. వీధి చివర దొరకిన రేకుముక్కతో, ఏదో ఒక బోల్టుతో ఈ పని చేయుట తగదు. ప్రక్క ఎయిర్‌బ్యాగు సీటులోనే యున్నచో దాని తీగలను అసలే ముట్టరాదు. మరియు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను వాహన మార్పులకు హద్దులు విధించినది గాన, ముందుగా రిజిస్ట్రేషను కార్యాలయమున విచారించుట మేలు.

ఏ మార్పునకైన ముందు, ఉన్న సదుపాయములను పరీక్షింపవలెను. సీటు, వీపు వాలు, స్టీరింగు ఎత్తు సరిచేసికొని కూర్చుండవలెను. పెడలు పూర్తిగా తొక్కినను మోకాలు కొంచెము వంగియుండవలెను. భుజములు సీటునకు ఆనియుండగా మణికట్టు చక్రము పైభాగమును అందవలెను. రొమ్ముకు, చక్రము నడిమి భాగమునకు నడుమ 25 సెం.మీ. ఎడముండుట క్షేమము.

తల్లిదండ్రులకు మనవి: కారు కొనుటకు పూర్వమే, దానిని నిత్యము నడుపువారిని అందు కూర్చుండబెట్టి చూడుడు. దుకాణములో గడపిన పావుగంట, తరువాత సీటును కోయు శ్రమను తప్పించును.

అభ్యాసము

1. పై త్రిభుజమున సీటును 5 సెం.మీ. వెనుకకు జరిపి, 5 సెం.మీ. దించిన కర్ణమెంత?
2. వేగము రెట్టింపై, ఆగు కాలము మారనిచో సీటు బోల్టులపై బలమెంత?