రిఫైనరీ మురుగునీటిలో కెమిస్ట్రీ వాళ్లకు పని ఉంది

మలికిపురం, రాజోలు చుట్టుపక్కల కుర్రాళ్లకు పెట్రోలియం ఉద్యోగమంటే రిగ్గు మీద డ్యూటీయే. కళ్లెదుట కనిపించేది అదే మరి. కానీ ముడిచమురు శుద్ధి చేసే ప్రతిచోటా ఈటీపీ, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటు ఉండాల్సిందే. అక్కడ బీఎస్సీ కెమిస్ట్రీ, కెమికల్ డిప్లొమా చదివినవాళ్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది.

మనకు దగ్గర్లో ఓఎన్జీసీ తాటిపాక మినీ రిఫైనరీ ఉంది. ఏడాదికి 66 వేల టన్నుల సామర్థ్యంతో 2001లో మొదలైంది. పెద్దదంటే 1957లో కాల్టెక్స్ ప్రారంభించిన విశాఖ రిఫైనరీ. ఇప్పుడది హెచ్‌పీసీఎల్‌ది.

ముడిచమురులోని ఉప్పును నీటితో కడుగుతారు. ఆ నీటిలో నూనె, ఫినాల్, సల్ఫైడ్లు చేరతాయి. ఏపీఐ సెపరేటర్‌లో తేలిన నూనెను తీసి మళ్లీ శుద్ధికి పంపుతారు. మిగిలిన సన్నని బిందువులను గాలి బుడగలతో పైకి తేలుస్తారు. ఆ తర్వాత పని బ్యాక్టీరియాది. వాటికి ఆక్సిజన్ అందాలి, పీహెచ్ కుదరాలి. రొయ్యల చెరువు మీద ఏరేటర్లు తిప్పి, డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్), అమ్మోనియా చూసుకునే ఇంటి పిల్లలకు ఇది కొత్త పాఠమేమీ కాదు.

2008 నాటి కేంద్ర ప్రమాణాల ప్రకారం బయటికి వదిలే నీటిలో నూనె, గ్రీజు లీటరుకు 5 మిల్లీగ్రాములు, బీవోడీ (వ్యర్థాలను కుళ్లించడానికి బ్యాక్టీరియా వాడుకునే ఆక్సిజన్) 15, సీవోడీ (అదే పనికి రసాయనాలతో కొలిచే ఆక్సిజన్) 125 దాటకూడదు. మన దేశంలో బీవోడీ పరీక్షను 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు చేస్తారు. ఫలితం వచ్చేసరికి ఆ నీళ్లు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాయి. అందుకే ప్లాంటులో రోజువారీ నిర్ణయాలకు గంటల్లో తేలే సీవోడీ మీదే ఎక్కువగా ఆధారపడతారు. ఇంటర్వ్యూలో ఈ తేడా చెప్పగలిగినవాడు, సర్టిఫికెట్ల కట్ట తెచ్చినవాడి కంటే మెరుగని నా అభిప్రాయం.

ఈ మురుగునీటి నుంచి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్‌తో మాత్రం జాగ్రత్త. కుళ్లిన గుడ్డు వాసన ఆగిందంటే గ్యాస్ పోయిందనుకోవద్దు. మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారుతుంది.

పదో తరగతి అయినవాళ్లు పాలిసెట్ రాసి కెమికల్ డిప్లొమాలో చేరవచ్చు. ఇంటర్ ఎంపీసీ వాళ్లకు కెమికల్ ఇంజినీరింగ్ ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుంటే విశాఖలోని పెట్రోలియం విద్యాసంస్థ ఐఐపీఈ కూడా ఉంది. పర్యావరణ ఇంజినీరింగ్‌కు గేట్‌లో విడిగా పేపరే ఉంది. మలికిపురం డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చదివేవాళ్లు ల్యాబ్‌లో టైట్రేషన్ మీద చేయి కుదిరేదాకా సాధన చేస్తే చాలు, మొదటి మెట్టు ఎక్కినట్టే.

ఒక్క మాట ముందే తెలుసుకోండి. చాలాచోట్ల ఈటీపీలను కాంట్రాక్టు సంస్థలే నడుపుతాయి. మొదట్లో జీతం తక్కువ, షిఫ్టులు తప్పవు. కానీ ఇక్కడ నేర్చిన పని ఫార్మాలోనూ, పేపర్ మిల్లులోనూ పనికొస్తుంది. చదువు అయ్యేలోగా అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి.