ఎస్‌ఆర్-22 ఉన్నన్నాళ్లూ: ఏం చేయాలి, ఏం చేయకూడదు

అమెరికాలో తాగి నడిపి పట్టుబడ్డా, ఇన్సూరెన్స్ లేకుండా దొరికినా, టికెట్ మీద టికెట్ పడి పాయింట్లు నిండినా లైసెన్సు సస్పెండ్ కావచ్చు. దాన్ని తిరిగి ఇవ్వడానికి చాలా రాష్ట్రాలు అడిగేది ఎస్‌ఆర్-22. డాలస్, బే ఏరియా వైపు మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో దీన్ని ఒక రకం ఇన్సూరెన్స్ అనుకుని ఎక్కడ చవకగా దొరుకుతుందని అడుగుతుంటారు. నిజానికి ఇది పాలసీ కాదు. రాష్ట్రం కోరినంత లయబిలిటీ కవరేజీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా) ఈ మనిషికి ఉందని ఇన్సూరెన్స్ కంపెనీ నేరుగా ప్రభుత్వానికి ఇచ్చే పూచీ. కవరేజీ ఆగిపోతే ఆ సంగతి చెప్పాల్సిందీ ఆ కంపెనీయే. అందుకు ఎస్‌ఆర్-26 అనే ఇంకో ఫారం ఉంది. అది వెళ్లిందంటే లైసెన్సు మళ్లీ సస్పెండ్ అవుతుంది. కొన్ని రాష్ట్రాల్లో ఈ పూచీ ఉంచాల్సిన గడువు కూడా మొదటి నుంచి లెక్కపెట్టాల్సి వస్తుంది. కింద రాసిన జాగ్రత్తల్లో చాలావరకు ఆ ఫారం వెళ్లకుండా చూసుకోవడానికే.

ఉత్తరం వచ్చిన రోజున

సస్పెన్షన్ నోటీసు మొత్తం చదవండి. ఏ కారణంతో, ఏ తేదీ నుంచి, ఏ ఆఫీసు పంపిందో చూడండి. కాలిఫోర్నియాలో డీఎంవీ, టెక్సస్‌లో డీపీఎస్, ఇల్లినాయిలో సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు ఈ పని చూస్తాయి. తాగి నడిపిన కేసైతే గడువులు చాలా చిన్నవి. సస్పెన్షన్ మీద విచారణ కోరుకోవడానికి కాలిఫోర్నియాలో 10 రోజులు, టెక్సస్‌లో 15 రోజులు మాత్రమే ఉంటాయి. కోర్టు తేదీ రెండు నెలల తర్వాత ఉంది కదా, అప్పుడు చూద్దాం అనుకుంటే ఈ అవకాశం పోతుంది. కోర్టు కేసు వేరు, లైసెన్సు మీద జరిగే చర్య వేరు. రెండూ పక్కపక్కనే నడుస్తాయి.

అడ్రసు మార్చుకోవడం మరిచిపోకండి. లీజు అయిపోగానే ఇంకో అపార్ట్‌మెంటుకు మారడం మన విద్యార్థులకు మామూలే. డీఎంవీ ఉత్తరం మాత్రం పాత ఇంటికే వెళ్లి, అక్కడ కొత్తగా దిగినవాళ్ల చెత్తబుట్టలో పడుతుంది. ఉత్తరం అందలేదు కాబట్టి సస్పెన్షన్ సంగతి తెలియదంటే, అడ్రసు మార్చకపోవడం మీ తప్పే కదా అంటారు. ఇల్లు మారితే కాలిఫోర్నియాలో 10 రోజుల్లో, టెక్సస్‌లో 30 రోజుల్లో చెప్పాలి. వీసా మీద ఉన్నవాళ్లు ఇమిగ్రేషన్ శాఖకు కూడా 10 రోజుల్లో తెలపాలి కాబట్టి రెండూ ఒకే పూట ముగించడం మంచిది.

ఫైలింగ్ చేయించేటప్పుడు

ఏజెంటు దగ్గర దాచకండి. ఊళ్లో అమ్మానాన్నలకు చెప్పకపోవడం మీ ఇష్టం. ఇన్సూరెన్స్ అప్లికేషన్‌లో డీయూఐ (తాగి నడిపిన కేసు) లేదని రాస్తే మాత్రం కంపెనీ మీ డ్రైవింగ్ రికార్డు తెప్పించుకున్న రోజునే బయటపడుతుంది. పాలసీ రద్దు కావచ్చు, దాంతోపాటు ఫైలింగూ పోతుంది. కారు రాత్రిళ్లు ఎక్కడ ఉంటుంది, ఇంట్లో ఇంకెవరు నడుపుతారు అనే ప్రశ్నలకూ ఉన్నదున్నట్టే చెప్పాలి. ప్రీమియం తగ్గుతుందని ఇంకో పట్టణంలోని స్నేహితుడి అడ్రసు ఇచ్చేవాళ్లున్నారు. యాక్సిడెంటు అయితే క్లెయిము తిరస్కరించడానికి కంపెనీకి అది చాలు.

ఇప్పుడున్న కంపెనీనే ముందు అడగండి. అన్ని కంపెనీలూ ఎస్‌ఆర్-22 ఫైల్ చేయవు. కాదంటే, హై-రిస్క్ డ్రైవర్లకు పాలసీలు ఇచ్చే వేరే కంపెనీని వెతుక్కోవాలి. ఫైలింగుకు అయ్యే ఖర్చు చిన్నదే, సాధారణంగా 15 నుంచి 50 డాలర్ల మధ్య ఉంటుంది. బిల్లు చూసి గుండె జారేది దానివల్ల కాదు. రికార్డులో పడిన తప్పు వల్ల ప్రీమియమే పెరుగుతుంది.

కనీస కవరేజీ ఎంతో మీ రాష్ట్రం లెక్కే చూడండి. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక మనిషి గాయాలకు 30 వేల డాలర్లు, ఒక ప్రమాదానికి మొత్తం 60 వేలు, ఆస్తి నష్టానికి 15 వేలు. టెక్సస్‌లో 30, 60, 25 వేలు. ఫ్లోరిడాలో తాగి నడిపి దొరికితే ఎస్‌ఆర్-22 చాలదు, ఎఫ్‌ఆర్-44 కావాలి. దాని లెక్క లక్ష, 3 లక్షలు, 50 వేలు. వర్జీనియాలోనూ ఎఫ్‌ఆర్-44 ఉంది. న్యూయార్క్, పెన్సిల్వేనియా, నార్త్ కరోలినా, మిన్నెసోటా వంటి కొన్ని రాష్ట్రాలు ఎస్‌ఆర్-22 అడగవు.

స్తోమత ఉంటే కనీస కవరేజీ దగ్గరే ఆగకండి. ఎదుటి కారులో గాయపడిన ఒక్క మనిషి ఆస్పత్రి బిల్లే 30 వేలు దాటడం ఇక్కడ వింతేమీ కాదు. మిగతాది మీ జీతం మీద పడుతుంది.

కారు లేకపోతే ఫైలింగ్ అక్కర్లేదనుకోవడం పెద్ద అపోహ. మన ఊళ్లో బండి ఇన్సూరెన్స్ ఆర్సీతోపాటు బండిలోనే పడి ఉంటుంది, బండి అమ్మేస్తే ఆ గొడవే ఉండదు. ఇక్కడ ఈ పూచీ మనిషి మీద ఉంటుంది. కారు అమ్మేసినా లైసెన్సు కావాలంటే పూచీ ఉండాల్సిందే. అలాంటివాళ్ల కోసం నాన్-ఓనర్ పాలసీ ఉంది. సొంత కారు లేనివాళ్లు అప్పుడప్పుడు ఇతరుల కారు నడిపేటప్పుడు అది లయబిలిటీ కవరేజీ ఇస్తుంది. భార్య పేరునో, రోజూ తీసుకెళ్లే రూమ్మేట్ పేరునో ఉన్న కారుకు మాత్రం సాధారణంగా వర్తించదు. ప్రీమియం పెరగకూడదని ఇంటి పాలసీలో మిమ్మల్ని మినహాయించిన డ్రైవరుగా పెట్టించారా? అయితే పాల ప్యాకెట్టు కోసం కూడా ఆ కారు తీయకండి.

వాట్సాప్‌లో వచ్చే "గంటలో ఎస్‌ఆర్-22" ప్రకటనలకు డబ్బు పంపకండి. కంపెనీకి మీ రాష్ట్రంలో లైసెన్సు ఉందో లేదో ఆ రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ వెబ్‌సైటులో చూడవచ్చు. మీ చేతికొచ్చిన పీడీఎఫ్ లెక్కలోకి రాదు, ప్రభుత్వానికి ఫైలింగ్ చేరిందా లేదా అన్నదే లెక్క.

స్టీరింగ్ పట్టుకునే ముందు

ఎస్‌ఆర్-22 చేరినంత మాత్రాన లైసెన్సు వచ్చినట్టు కాదు. సస్పెన్షన్ కాలం పూర్తి కావాలి, పునరుద్ధరణ రుసుము కట్టాలి. డీయూఐ అయితే తరగతులుంటాయి, కారులో ఊపిరి పరీక్షించే పరికరం పెట్టమనవచ్చు కూడా. లైసెన్సు చెల్లుతున్నదని ఆఫీసు రికార్డులో కనిపించేదాకా నడపకండి. సస్పెన్షన్‌లో ఉండగా నడపడం చాలా రాష్ట్రాల్లో నేరం. మొదట పడింది ఉత్త టికెట్టే అయినా దీనితో అరెస్టు దాకా పోవచ్చు.

ఇండియా లైసెన్సు, ఇంటర్నేషనల్ పర్మిట్ చూపించి నెట్టుకురావచ్చనే సలహా వినకండి. సస్పెండయింది చేతిలోని కార్డు కాదు, ఆ రాష్ట్రంలో మీకున్న నడిపే హక్కు. పక్క రాష్ట్రానికి పోయి కొత్త లైసెన్సు తీసుకోవడమూ కుదరదు. నేషనల్ డ్రైవర్ రిజిస్టర్‌లో సస్పెన్షన్ వివరాలు ఉంటాయి, కొత్త రాష్ట్రం లైసెన్సు ఇచ్చే ముందు అందులో చూస్తుంది.

మధ్యలో తెగకుండా

చాలామంది ఫైలింగ్ దాకా బాగానే వస్తారు, దెబ్బ తినేది ఆ తర్వాతే. ఎవరూ కావాలని ఇన్సూరెన్స్ మానరు. క్రెడిట్ కార్డు గడువు తీరి ఆటోపే ఫెయిల్ అవుతుంది. ఉద్యోగం పోయిన నెలలో ఒక వాయిదా తప్పుతుంది. కంపెనీ పంపిన ఈమెయిలు ప్రమోషన్ల కింద కూరుకుపోతుంది. కొత్త కార్డు వచ్చిన రోజే ఇన్సూరెన్స్ ఖాతాలో నంబరు మార్చండి. చేతిలో డబ్బుంటే ఆరు నెలల ప్రీమియం ఒకేసారి కట్టేయండి. నెలవారీ వాయిదా తప్పే ప్రమాదం దాంతో తీరుతుంది. చాలా కంపెనీల్లో కాస్త తగ్గింపు కూడా వస్తుంది.

ఇండియా ప్రయాణం ఇంకో ఉచ్చు. పెళ్లికో, వీసా స్టాంపింగుకో రెండు నెలలు వెళ్తూ, కారు ఎలాగూ నడపం కదా అని పాలసీ ఆపేస్తారు. మామూలు డ్రైవరుకు అది పొదుపు కావచ్చు. మీ పేరు మీద మాత్రం ఎస్‌ఆర్-26 వెళ్తుంది. తిరిగొచ్చాక విమానాశ్రయం నుంచి ఇంటికి ఊబర్‌లో వెళ్తే తప్పించుకోవచ్చు గానీ, మర్నాడు ఆఫీసుకు కారు తీస్తే సస్పెన్షన్‌లో నడిపినట్టే. వెళ్లేముందు ఏజెంటుతో మాట్లాడి కొలిజన్ (సొంత కారు నష్టానికి కవరేజీ) వంటివి తగ్గించుకోవచ్చేమో అడగండి. లయబిలిటీ మాత్రం ముట్టుకోకండి.

కంపెనీ మారాలనుకుంటే కొత్తదాని ఎస్‌ఆర్-22 లైసెన్సు ఆఫీసుకు చేరిందని తేలాకే పాతది ఆపండి. ఒకటి రెండు రోజులు రెండు పాలసీలకు కట్టినా ఫర్వాలేదు. ఎస్‌ఆర్-22 అడగని రాష్ట్రానికి ఉద్యోగం మారినా, పాత రాష్ట్రం పెట్టిన షరతు అలాగే ఉంటుంది. కొత్త పాలసీ తీసుకునేటప్పుడే, పాత రాష్ట్రానికి ఫైల్ చేయగలరా అని అడగాలి.

వీసా సంగతి

ఎస్‌ఆర్-22 వల్ల వీసాకు ఏమీ కాదు. దాని వెనకున్న డీయూఐ అరెస్టుతోనే చిక్కు. 2015 నుంచి విదేశాంగ శాఖ, శిక్ష పడకముందే, అరెస్టు ఆధారంగానే వీసా స్టాంపు రద్దు చేయగలుగుతోంది. అమెరికాలో ఉన్నంతవరకు దానితో హోదా దానంతటదే పోదు గానీ, బయటికి వెళ్తే కొత్త స్టాంపు కావాలి. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో అరెస్టుల ప్రశ్నకు నిజమే చెప్పాలి. ఆ తర్వాత డాక్టరు పరీక్షకూ పంపవచ్చు. అందుకే డీయూఐ ఉన్నవాళ్లు టికెట్టు కొనకముందే ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాలి. కోర్టులో తప్పు ఒప్పుకునే ముందు కూడా. ట్రాఫిక్ లాయరుకు మీ వీసా ఏదో మీరే చెప్పండి, ఆయన అడిగేదాకా ఆగకండి.

గడువు ముగిసేటప్పుడు

టెక్సస్‌లో గడువు సాధారణంగా రెండేళ్లు, లెక్క శిక్ష పడిన తేదీ నుంచి. కాలిఫోర్నియాలో చాలా కేసుల్లో మూడేళ్లు. మీ లెక్క మీరే వేసుకుని పాలసీ మార్చేయకండి. ముగింపు తేదీ లైసెన్సు ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీ చాలాసార్లు తనంతట తాను ఫైలింగ్ తీసేయదు. అడగకపోతే ఆ రుసుము పడుతూనే ఉంటుంది. రాతలో తేదీ చేతికొచ్చాక, ఆ రోజు దాటాక, ఫైలింగ్ తీసేయమని చెప్పండి. తర్వాత వేరే కంపెనీల కొటేషన్లు తెప్పించుకుని చూడండి, అప్పటికి రేట్లు కాస్త దిగి ఉండవచ్చు.