రేబిస్ నివారణ: కుక్కల యజమానుల అవగాహనలో పూడ్చవలసిన లోపాలు

రేబిస్ పేరు వినని కుక్కల యజమానులు అరుదు. అయితే పేరు తెలియడం వేరు, కాటు పడిన రోజున ఏమి చేయాలో తెలియడం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఈ వ్యాధి వల్ల ఏటా సుమారు 59,000 మంది మరణిస్తున్నారు. వీరిలో మూడోవంతుకు పైగా భారతదేశంలోనివారే. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల ద్వారానే వస్తోంది. లక్షణాలు బయటపడిన తరువాత రోగి బతకడం దాదాపు అసాధ్యం. కాటుకు, లక్షణాలకు మధ్య సాధారణంగా కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వ్యవధి ఉంటుంది. ప్రాణాన్ని కాపాడే అవకాశం ఆ వ్యవధిలోనే ఉంది.

సాధారణంగా కనిపించే అపోహలు

1. "ఇంటి కుక్కకు రేబిస్ రాదు": టీకా వేయని ఏ కుక్కకైనా, కుక్కపిల్లకైనా ఈ వ్యాధి సోకవచ్చు. లక్షణాలు కనిపించడానికి కొన్ని రోజుల ముందే లాలాజలంలో వైరస్ ఉంటుంది. కరిచిన కుక్కను 10 రోజులు గమనించమనడానికి కారణం ఇదే.

2. "పిచ్చెక్కిన కుక్క అందరినీ కరుస్తుంది": స్తబ్ధ రూపంలో కుక్క మూలన పడి ఉంటుంది. కింది దవడ వేలాడుతుంది, మింగలేదు, చొంగ కారుతుంది. గొంతులో ఎముక ఇరుక్కుందని భావించి యజమాని నోట్లో చేయి పెట్టడం అత్యంత ప్రమాదకరం.

3. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తారు": ఆ పాత టీకా వాడకం మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. నేటి టీకాలను భుజానికే కొన్ని మోతాదులుగా ఇస్తారు. ఆ పాత భయం మాత్రం కొందరిని నేటికీ ఆసుపత్రికి దూరంగా ఉంచుతోంది.

కాటు పడిన వెంటనే

గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు పూయరాదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం కారిన గాయాలకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. కొత్తగా వేసిన టీకాకు శరీరం స్పందించేలోగా గాయం వద్ద వైరస్‌ను అడ్డుకునేది అదే. కుక్కను గమనిస్తున్నామనే కారణంతో చికిత్సను వాయిదా వేయరాదు. కుక్క 10 రోజుల తరువాత కూడా ఆరోగ్యంగా ఉంటే మిగిలిన మోతాదుల సంగతి వైద్యుడు నిర్ణయిస్తారు.

యజమాని బాధ్యత

కుక్కపిల్లకు మూడు నెలల వయసులో తొలి టీకా, ఆపై పశువైద్యుని సలహా మేరకు బూస్టరు, తరువాత ఏటా టీకా వేయించాలి. టీకా కార్డును భద్రపరచాలి. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా వేస్తే వ్యాధి వ్యాప్తి ఆగుతుంది. అందువల్ల ఒక్క ఇంటి నిర్లక్ష్యం ఆ ఇంటితో ఆగదు. మృతుల్లో సుమారు 40 శాతం 15 ఏళ్లలోపు పిల్లలే. తిడతారనే భయంతో పిల్లలు చిన్న గీరును దాచిపెట్టవచ్చు. కుక్క గీరినా, కరిచినా వెంటనే ఇంట్లో చెప్పమని వారికి నేర్పాలి.

విస్తరణ కార్యకర్తలకు సూచన

"రేబిస్ గురించి తెలుసా?" అన్న ప్రశ్నకు "తెలుసు" అన్న జవాబే వస్తుంది. దానితో అవగాహనను కొలవలేము. "గాయాన్ని ఎంతసేపు కడుగుతారు? మీ కుక్కకు చివరి టీకా ఎప్పుడు వేయించారు?" అని అడిగినప్పుడే అసలు లోపం బయటపడుతుంది. జూలై 6 ప్రపంచ జూనోసిస్ దినం, సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం సందర్భంగా జరిగే టీకా శిబిరాల్లో ఉపన్యాసంతో సరిపెట్టక, గాయం కడిగే పద్ధతిని చేసి చూపాలి. కుక్కల ద్వారా సంక్రమించే రేబిస్ మరణాలను 2030 నాటికి పూర్తిగా నివారించాలన్న లక్ష్యం నెరవేరాలంటే ఈ చిన్న అలవాట్లు ప్రతి ఇంటికీ చేరాలి.