అప్పున్న యింటి అమ్మకము – దళారి కమీషను

ఇల్లు అమ్మిపెట్టుట కూడ ఒక శ్రమయే. కొనువారిని వెదకుట, పత్రములు చూపుట, బేరము కుదుర్చుట, రిజిస్ట్రారు కచేరీ వరకు వెంట నడచుట – ఇవన్నియు దళారి పనులు. మన బెంగళూరులో ఈ వృత్తితో పిల్లలను చదివించుకొను తెలుగువారు పలువురు కలరు. అప్పు తీర్చలేక ఇల్లు అమ్ముకొను తల్లిదండ్రులును కలరు. ఉభయులకును ఉపయోగపడునను తలంపుతో ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ముందొక లెక్క వేసి చూతము. బ్యాంకునకు రావలసిన అప్పు 70 లక్షలు, ఇంటికి వచ్చు ధర 60 లక్షలు అనుకొందము. నూటికి రెండు చొప్పున కమీషను 1,20,000 రూపాయలు. వచ్చిన ధర యంతయు బ్యాంకు అప్పునకే చాలదు. యజమాని చేతిలో మిగులు లేదు. మరి ఈ పైకము ఎక్కడనుండి రావలెను?

చట్టము ఏమి చెప్పుచున్నదో చూతము. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 219వ సెక్షను ప్రకారము, ప్రత్యేక ఒప్పందము లేనిచో, పని పూర్తియగువరకు ఏజెంటునకు ప్రతిఫలము రాదు. 221వ సెక్షను ప్రకారము కమీషను ముట్టువరకు తనవద్ద నున్న పత్రములను అతడు నిలుపుకొనవచ్చును. కాని తాకట్టు ఇంటి అసలు పత్రములు బ్యాంకువద్దనే యుండును గదా! 2002 నాటి సర్ఫేసీ చట్టము 13వ సెక్షను క్రింద 60 దినముల నోటీసు వచ్చిన పిమ్మట, బ్యాంకు వ్రాతపూర్వకమైన సమ్మతి లేక యజమాని ఇల్లు అమ్మరాదు. బ్యాంకే స్వాధీనము చేసికొని అమ్మినచో, వచ్చిన సొమ్ము మొదట ఖర్చులకు, పిదప అప్పునకు చెల్లును; మిగిలినదే యజమానికి. యజమాని కుదుర్చుకొన్న దళారికి ఆ వరుసలో చోటు లేదు.

అమెరికాలో ఇట్టి అమ్మకమును షార్టు సేలు అందురు. 2008 నాటి ఆర్థిక సంక్షోభము తరువాత అచ్చట ఇవి విస్తారముగా జరిగెను. అమ్మకమునకు ఒప్పుకొనుచునే కమీషనును తగ్గింపుమని ఋణదాతలు పట్టుపట్టుట కలదు. 2010లో అమలునకు వచ్చిన హాఫా అను ప్రభుత్వ పథకము, ముందుగా వ్రాసికొన్న కమీషను ధరలో నూటికి ఆరు మించనంతవరకు, దానిని తగ్గింపరాదని నియమించెను. ఆ పథకము తరువాత ముగిసినది. మన దేశములో అట్టి నియమము లేదు. కావున మనకు రక్ష మన వ్రాతయే.

దళారి పనికి పూనుకొనుటకు ముందే అప్పు ఎంత, ఏ బ్యాంకుది, నోటీసు వచ్చినదా అని అడిగి తెలిసికొనవలెను. కమీషను ఎంత, ఎవరు ఇత్తురు, ఎప్పుడు ఇత్తురు, ఒప్పందము ఎన్ని నెలలు అను నాలుగు సంగతులను కాగితముపై పెట్టవలెను. గడువు వ్రాసికొన్నచో, తగిన కారణము లేక మధ్యలో తొలగించినప్పుడు 205వ సెక్షను నష్టపరిహారము ఇప్పించును. బ్యాంకు తక్కువ పైకమునకు ఒప్పుకొను ఉత్తరములోనే కమీషను మొత్తమును చేర్పించుట అన్నిటికంటె ముఖ్యము. కొనువారివద్ద కూడ తీసికొనదలచినచో ఆ సంగతి ఇరువురికిని చెప్పవలెను. ఏల యనగా దుర్వర్తనము చేసిన ఏజెంటు ఆ పనికి ప్రతిఫలమును కోల్పోవునని 220వ సెక్షను చెప్పుచున్నది.

ఇల్లు అమ్ముకొనువారికి ఒక మాట. మిగిలిన 10 లక్షలు మాఫీ యైనవా, ఇంకను బాకీయా అనునది అదే ఉత్తరములో స్పష్టముగా ఉండవలెను. లేనిచో ఇల్లు పోయియు అప్పు మిగులును. దళారి కూలిని ఎగవేసినందువలన ఆ అప్పు తీరదు.

ఈ కాగితములు ఇక్కడ ఇంగ్లీషులోనో కన్నడములోనో ఉండును. తెలిసినవారిచేత చదివించుకొని, ప్రతి వాక్యమునకు అర్థము తెలిసికొన్న పిమ్మటనే సంతకము చేయుడు. ఇంట చదువుకొనుచున్న పిల్లలు ఉన్నచో వారిచేతనే చదివింపుడు. మనము వారికి చదువు చెప్పించుచున్నది ఇందులకును గదా!