ఆమ్లములు, క్షారములు : బలము – గాఢత

ప్రయోగశాలలో క్రొత్తగా అడుగుపెట్టిన విద్యార్థిని "బలమైన ఆమ్లమనగా నేమి?" అని అడిగినచో "చర్మమును కాల్చునది" అనియో, "నీరు తక్కువగా కలిసినది" అనియో తరచుగా సమాధానము వచ్చుచుండును. ఈ రెండును సరికావు. ఈ పొరపాటు వలన పరీక్షలో మార్కులు పోవుటయే గాక, సీసా పట్టుకొను చేతికి ముప్పు కూడ వాటిల్లును. కనుక ఈ వ్యాసములో ఆ ఒక్క విషయమునే విడమరచి చెప్పదలచితిమి.

మన కళాశాలలో రెండు భాషల విద్యార్థులును ఉన్నారు గనుక ముందుగా పేర్ల సంగతి. 'ఆమ్లము' అను సంస్కృత పదము పులుపును తెలుపును. ఉర్దూలోని 'తేజాబ్' పారసీకము నుండి వచ్చినది. 'తేజ్' అనగా వాడియైనది, 'ఆబ్' అనగా నీరు. ఒక పేరు నాలుకకు తెలిసిన గుణమును, మరొకటి చేతికి తెలిసిన గుణమును పట్టుకొన్నవి. ఆంగ్లములోని 'ఆల్కలీ'కి మూలము అరబ్బీ పదమైన 'అల్-ఖలీ'. కొన్ని మొక్కలను కాల్చగా మిగిలిన బూడిద అని దాని అర్థము. బూడిదతో గిన్నెలు తోమిన మన పెద్దలకు ఆ వస్తువు క్రొత్తది కాదు. కూర మరక పడిన చొక్కాకు సబ్బు రుద్దగానే పసుపు రంగు ఎర్రబారుట ఏ ఇంటిలోనైనను చూడవచ్చును. పసుపులో సున్నము కలిపినను అంతే. అచట పసుపు క్షారమునకు సూచికగా పనిచేయుచున్నది. నిమ్మరసము పిండినచో ఆ ఎరుపు మరల పసుపగును.

ఈ గుణములకు కారణమును చెప్పినవాడు స్వీడన్ దేశీయుడైన స్వాంటె అర్హీనియస్. ఆయన 1884లో ఉప్సలా విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంత వ్యాసమునకు పరీక్షకులు తక్కువ శ్రేణి నిచ్చిరి. ఆ పరిశోధన నుండి పెంపొందిన అయనీకరణ సిద్ధాంతమునకే 1903లో నోబెల్ బహుమతి లభించినది. నీటిలో హైడ్రోజన్ అయాన్ల నిచ్చునది ఆమ్లము, హైడ్రాక్సైడ్ అయాన్ల నిచ్చునది క్షారము అని ఆయన నిర్వచనము. 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీలు వేర్వేరుగా దీనిని విస్తరించి, ప్రోటాను నిచ్చునది ఆమ్లము, గ్రహించునది క్షారము అనిరి. తనలో హైడ్రాక్సైడ్ లేని అమ్మోనియా క్షారమెట్లయినదో దీనిచే తెలియును.

ఇక అసలు విషయము. ఒక లీటరు ద్రావణములో ఎంత ఆమ్లము కరిగియున్నదో తెలుపునది గాఢత. కరిగిన దానిలో ఎంత భాగము అయాన్లుగా విడిపోయినదో తెలుపునది బలము. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లములో దాదాపు ప్రతి అణువును విడిపోవును, పి.హెచ్. 1 ఉండును. అదే గాఢత గల ఎసిటిక్ ఆమ్లములో, అనగా సిర్కాకు పులుపునిచ్చు ఆమ్లములో, వెయ్యి అణువులకు సుమారు 13 మాత్రమే విడిపోవును, పి.హెచ్. 2.9 ఉండును. హైడ్రోక్లోరిక్ ఆమ్లమును నూరు రెట్లు పలుచన చేసినచో దాని పి.హెచ్. 3కు చేరి ఇంచుమించు దీనితో సమానమగును. అయినను అది బలమైన ఆమ్లమే. పలుచనైన బలమైన ఆమ్లము.

మా విద్యార్థి దశలో జరిగిన ఒక సంగతి చెప్పక తప్పదు. 20 మి.లీ. ఎసిటిక్ ఆమ్లమును పిపెట్టుతో తీసి, మిథైల్ ఆరెంజ్ చుక్కలు వేసి, సమాన గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్‌ను బ్యూరెట్టు నుండి వదలితిమి. 6 మి.లీ. దాటునప్పటికే రంగు పసుపైనది. బలహీనమైన ఆమ్లమునకు కొంచెము క్షారమే చాలును గాబోలునని మాకు మేమే సమాధానము చెప్పుకొని, రికార్డులో వ్రాసితిమి. మరునాడు ఆ పుటపై ఎర్రసిరా గీత కనబడినది.

తప్పెచ్చట? క్షారము హైడ్రోజన్ అయాన్లను తీసికొన్నకొలది, విడిపోక మిగిలిన అణువులు ఆ లోటు తీర్చుటకై విడిపోవుచునే యుండును. కావున వెయ్యిలో 13 అణువులకే గాక, మొత్తము ఆమ్లమునకు సరిపడు క్షారము కావలెను. బలమైన ఆమ్లమునకు వలెనే 20 మి.లీ. పట్టును. మిథైల్ ఆరెంజ్ రంగు మారునది 3.1 నుండి 4.4 లోపల. మా కుప్పెలో రంగు మారు వేళకు మూడింట రెండు వంతుల ఆమ్లము అట్లే మిగిలియున్నది. ఇచ్చట తుల్య బిందువు వద్ద పి.హెచ్. సుమారు 8.7 గనుక, 8.3 దాటిన పిదప గులాబి రంగు చూపు ఫినాల్ఫ్తలీన్ వాడవలసినది.

బలహీనమన్న మాట విని సీసాను తేలికగా చూచువారు కలరు. నీరు లేని ఎసిటిక్ ఆమ్లము సుమారు 16.6 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద గడ్డకట్టును. చర్మముపై పడినచో బొబ్బలెక్కించును. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము కూడ బలహీనమైన ఆమ్లముల పట్టికలోనిదే. గాజును తినివేయును గనుక దానిని ప్లాస్టిక్ సీసాలలో నిలువ చేయుదురు. అది చర్మము గుండా లోనికి దిగి దేహములోని కాల్షియమును బంధించును. నొప్పి కొన్ని గంటలు ఆలస్యముగా తెలియవచ్చును, ప్రాణమునకే అపాయము కలుగవచ్చును. దీనికి నీటితో కడుగుటతోపాటు వైద్యుని సహాయము వెంటనే కావలెను. ఏ ఆమ్లము చేతిపై పడినను, దానిని క్షారముతో తటస్థము చేయబూనరాదు. ఆ చర్యలో వెలువడు వేడిమి వలన కాలిన చోటనే మరల కాలును. కుళాయి నీటి ధార క్రింద చేతిని చాలసేపు ఉంచవలెను.