ముగ్గురే మిగిలారని రాశావు

విశాఖపట్నం

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోయాక క్యాంపస్ కూడికకు ముగ్గురే వస్తున్నారనీ, వాళ్లలోనూ ఒకడు మిడ్స్ పేరు చెప్పి ఈమధ్య కనబడటమే మానేశాడనీ రాశావు. "ఇంతకాలం పడిన కష్టం ఏమైనట్టన్నా?" అని అడిగావు. తొందరపడి చెప్పే జవాబు కాదిది. అందుకే ఫోన్ చేయకుండా తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. సంఘంలో అయితే ఒక కుటుంబం తరాల తరబడి ఉంటుంది. బిడ్డను ప్రతిష్ఠించిన పాస్టరుగారే ఆ బిడ్డ పెళ్లి కూడా చేస్తారు. మన విద్యార్థి పరిచర్యలో అలా కుదరదు. బీటెక్ కుర్రాడు మన మధ్య ఉండేది నాలుగేళ్లు, పీజీ వాడైతే రెండేళ్లే. మొదటి ఏడాది కొత్త హాస్టలుకీ ఇంటి బెంగకీ సరిపోతుంది. చివరి ఏడాదిని ప్రాజెక్టూ ప్లేస్‌మెంట్లూ మింగేస్తాయి. నడుమ మిగిలిన ఆ కొద్దికాలంలోనే వాడు వాక్యం చదవడం, ప్రార్థించడం, మరొకడిని నడిపించడం నేర్చుకోవాలి. అంతా కుదిరింది అనుకునేసరికి బ్యాగు సర్దుకుని బెంగళూరు రైలెక్కేస్తాడు. ప్రతి వేసవికీ గుంపు ఖాళీ కావడం ఈ పనిలో ఉన్నదే. దాన్ని నీ ఓటమిగా రాసుకోకు. కూడికలో తలలు లెక్కపెట్టి పనిని తూచకు. నీ దగ్గర నేర్చుకుని వెళ్లినవాడు పదేళ్ల తర్వాత ఎలా బతుకుతున్నాడో, వాడి దగ్గర ఎవరు నేర్చుకుంటున్నారో చూడు. ఈ పని విలువ అక్కడ తెలుస్తుంది.

చార్లెస్ సిమియన్ జీవితం వీలు చూసుకుని మళ్లీ చదువు. 1782లో ఇరవై మూడేళ్ల వయసులో ఆయన కేంబ్రిడ్జిలోని హోలీ ట్రినిటీ చర్చికి కాపరిగా వచ్చాడు. సంఘస్థులకు ఆయన రావడం ఇష్టం లేదు. అప్పట్లో చర్చిలో కూర్చునే చోట్లు కుటుంబాలవారీగా ఉండేవి, వాటికి తలుపులు కూడా ఉండేవి. వాటికి తాళాలు వేసుకుని జనం రావడం మానేశారు. వినడానికి వచ్చిన కొద్దిమందీ నడవల్లో నిలబడాల్సి వచ్చింది. ఆయన సొంత డబ్బుతో బెంచీలు వేయిస్తే చర్చి పెద్దలు వాటిని బయట పారేయించారు. యూనివర్సిటీ కుర్రాళ్లు ఆరాధన జరుగుతుండగా అల్లరి చేసేవారు. అలాంటి చోట 1836లో కన్నుమూసే వరకు, 54 ఏళ్లు ఆయన నిలబడ్డాడు.

అయితే ఆయన ఊరికే ఓర్చుకుంటూ కూర్చోలేదు. కింగ్స్ కాలేజీలోని తన గదుల్లో శుక్రవారం సాయంత్రాలు విద్యార్థులను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, వాళ్లడిగిన ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పేవాడు. పరిచర్యలోకి వెళ్లాలనుకున్నవాళ్లకు ప్రసంగం సిద్ధం చేసుకోవడం విడిగా నేర్పేవాడు. ఆయన చేతికింద ఎదిగినవాడే హెన్రీ మార్టిన్. 1801లో గణితంలో యూనివర్సిటీ మొత్తానికి ప్రథముడిగా నిలిచిన ఆ యువకుడు సిమియన్ దగ్గర సహాయ కాపరిగా పనిచేసి, 1806లో కలకత్తా చేరాడు. కొత్త నిబంధనను హిందుస్తానీలోకీ పారశీకంలోకీ తెచ్చాడు. 1812లో తోకత్ పట్టణంలో చనిపోయేనాటికి అతని వయసు 31. కాన్పూరులో మార్టిన్ బోధ విన్న ఒక ముస్లిం 1811లో కలకత్తాలో బాప్తిస్మం పొంది అబ్దుల్ మసీహ్ అయ్యాడు. అప్పటికే మార్టిన్ పర్షియా వెళ్లిపోయాడు. ఆ అబ్దుల్ మసీహ్ తర్వాత ఆగ్రాలో ఏళ్ల తరబడి సువార్త చెప్పాడు. ఇండియాలో ఎన్నడూ అడుగుపెట్టని సిమియన్ గదిలో పోసిన టీకీ, ఆగ్రా వీధుల్లో వినబడిన సువార్తకూ మధ్య ఎంత దూరమో చూడు. పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక రెండో అధ్యాయం రెండో వచనంలో చెప్పిన వరుస ఇదే: పౌలు, తిమోతి, నమ్మకమైన మనుషులు, వాళ్ల దగ్గర నేర్చుకునే ఇతరులు. ఇందులో మన వంతు ఒక మెట్టు మాత్రమే.

ఇక కనబడకుండా పోయిన ఆ తమ్ముడి సంగతి. వాట్సాప్‌లో వాక్యం పంపి ఊరుకోకు. సాయంత్రం వాడి గదికే వెళ్లు. కూడికకు ఎందుకు రాలేదన్న మాటతో మొదలుపెట్టకు. లెక్కల పేపరు ఎం-త్రీలో సప్లీ ఉందని నువ్వే రాశావు కదా, ఆ పుస్తకమే మంచం మీద తెరిచి ఉంటుంది. ఎంతవరకు వచ్చిందో అడుగు. లెక్కలు బాగా వచ్చిన మన గ్రాడ్యుయేట్ ఎవరైనా ఆదివారం పూట ఓ గంట చెప్పేలా ఏర్పాటు చేయి. ఇంట్లో ఫీజు ఇబ్బంది ఉందేమో, నాన్నకు బాగోలేదేమో, పక్క గదివాళ్లు ఎగతాళి చేస్తున్నారేమో విను. వెళ్లేముందు వాడి పేరు పెట్టి, వాడి పరీక్ష పేరు పెట్టి ప్రార్థించి రా. రెండోసారి వెళ్లినప్పుడు మార్కు సువార్త తీయి. ఒక చిన్న భాగం వాడి చేతే చదివించు. ఏం జరిగింది, యేసు ఏమన్నాడు, నువ్విప్పుడు ఏం చేయాలి అని వాడినే అడుగు. వాడు వెతుక్కుంటున్నంతసేపు నువ్వు మౌనంగా ఉండు. జవాబు నువ్వు అందిస్తే నీ మాట గుర్తుంటుంది. వాడే వెతికి పట్టుకుంటే వాక్యం గుర్తుంటుంది.

ఆ సువార్త రాసినవాడు కూడా ఒకప్పుడు పని వదిలి వెళ్లినవాడే. పౌలు, బర్నబాలతో బయల్దేరిన మార్కు పెర్గే దగ్గర వాళ్లను విడిచి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు. పౌలు మళ్లీ తీసుకెళ్లనన్నాడు. బర్నబా మాత్రం అతన్ని వెంటబెట్టుకుని కుప్రకు వెళ్లాడు. ఆఖరి రోజుల్లో చెరసాల నుంచి, మార్కును వెంటబెట్టుకు రమ్మని తిమోతికి రాసింది ఆ పౌలే. మధ్య సంవత్సరాల్లో బర్నబా ఏం చేశాడో లేఖనం వివరంగా చెప్పదు. నీ పనిలో ఎక్కువ భాగం అలా ఎవరికీ కనబడనిదే.

వాక్యం నోటికి వచ్చినంత మాత్రాన శిష్యుడు కాడు. స్లిప్పులు లేకుండా పరీక్ష రాయడం, రికార్డు కాపీ కొట్టకపోవడం, మెస్ బకాయి ఎగ్గొట్టకపోవడం ఇప్పుడే నేర్పు. రేపు పెళ్లిచూపుల దగ్గర కులం, కట్నం మాట వచ్చినప్పుడు నిలబడేది ఇక్కడ అలవాటైనవాడే. హిందూ, ముస్లిం కుటుంబాల నుంచి వచ్చి కూర్చునే పిల్లల విషయంలో మరింత మెలకువగా ఉండు. ఆశపెట్టకు, భయపెట్టకు, తొందరపెట్టకు. అమ్మానాన్నలను గౌరవించడం తగ్గితే ఆ విశ్వాసంలో ఏదో లోపమున్నట్టేనని వాళ్లకు నేర్పు. పుట్టుకతో క్రైస్తవులైనవాళ్లూ మొదటినుంచి నేర్చుకోవలసినవాళ్లేనని మరచిపోకు.

నాయకత్వం నీ చేతిలో ఉంచుకోకు. 1954లో మన విద్యార్థి సంస్థ యూఈఎస్‌ఐ మొదలైనప్పటి నుంచి విద్యార్థుల మధ్య సాక్ష్యం విద్యార్థులే చెప్పాలన్న నియమం మనది. ముగ్గురే ఉన్నా వచ్చేవారం కూడిక వాళ్లే నడపనీ. తడబడనీ. నువ్వు వెనక కూర్చుని ప్రార్థించు.

నీ గురించి కూడా ఒక మాట. స్టడీ సిద్ధం చేయడానికి తెరిచే బైబిలు వేరు, నీ ఆత్మ కోసం తెరిచే బైబిలు వేరు. రెండోది మానేస్తే మొదటిది కొద్దిరోజుల్లోనే ఎండిపోతుంది. కానుకలు ఆలస్యమైన నెల మరదలి దగ్గర దాచకు, మన గ్రాడ్యుయేట్ల సహవాసమైన ఈజీఎఫ్ పెద్దల దగ్గర మొహమాటపడకు. వారంలో ఒక సాయంత్రం పూర్తిగా ఇంటికివ్వు. మీ ఇద్దరూ ఎలా మాట్లాడుకుంటారో, పాపను ఎలా ఎత్తుకుంటారో ఆ పిల్లలు గమనిస్తారు. క్రైస్తవ కుటుంబం ఎలా ఉంటుందో చాలామంది మొదటిసారి చూసేది మీ ఇంట్లోనే.

పని మానేయాలా అని అడిగావు. వద్దు తమ్ముడూ. మొదటి సంవత్సరం పిల్లలు ఇప్పుడే హాస్టళ్లలో దిగారు. వాళ్లలో ఎవరో ఒకరు ఈ ఆదివారం చర్చి ఎక్కడుందో వెతుక్కుంటూ ఉంటారు. ఆ ముగ్గురినీ వెంటబెట్టుకుని వాళ్ల దగ్గరికి వెళ్లు. వెళ్లిపోయిన ఫైనలియర్ వాళ్లకు ఈ నెలలోనే ఫోన్ చేసి, చేరిన ఊళ్లో ఈజీఎఫ్ వాళ్లతో ఒక్కొక్కరినీ కలుపు. ఆ ముగ్గురి పేర్లు నాకు రాసి పంపు. మీ వదినా నేనూ రోజూ ఉదయం వాళ్ల కోసం, నీ కోసం ప్రార్థిస్తాం. దసరా సెలవుల్లో మరదలినీ పాపనూ తీసుకుని మా ఇంటికి రండి.

ప్రభువునందు,
మీ అన్న